ఎవరి తాలీము

వనపర్తి సంస్థానం నుంచి పిలుపు వచ్చిన రోజున గద్వాల నేతగాళ్ళ వీధిలో ఆశన్న కంటే ఎక్కువ సంబరపడ్డవాడు దావల్ సాబ్. ఆశన్న మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. ముసలాయన మాత్రం చేతికర్ర కూడా మరిచిపోయి గోడలు పట్టుకుంటూ వచ్చి, నేస్తున్న చీర మీద పడబోయి తమాయించుకుని, "బేటా, నీ గొంతుకు రోజులొచ్చినయ్ రా!" అని చప్పట్లు కొట్టాడు. దసరాకు సంస్థానం హాల్లో పాడాలి. పాట నచ్చితే గాయకుడి కొలువు. రాణివాసం లోపలి ఆడపిల్లలకు సంగీతం చెప్పాలి, పండగలకు పాడాలి. ఇల్లూ గింజలూ వాళ్ళే చూసుకుంటారు.

"సారంగి ఎవరు వాయిస్తరో ఏమో" అన్నాడు ఆశన్న, ఏదో ఒకటి అనాలని.

"ఎవరు వాయిస్తరేందిరా! నా పానం ఉండంగ ఇంకొకడొచ్చి నీ ఎన్క కూసుంటడా?" అని కసిరాడు దావల్ సాబ్.

ఆశన్న నవ్వాడు. ఆ రోజే ఏదో సాకు చెప్పి ఆయన్ను ఇంటిపట్టున ఉంచేసి ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్కలేదు. తప్పు చేసేవాడికి, ఆ తప్పు ఎవరి మీద పడుతుందో వాళ్ళు ఎదురుగా లేకపోతే కొంత సుఖం. ఆశన్నకు ఆ మాత్రం సుఖం కూడా రాసిపెట్టి లేదు.

దావల్ సాబ్ సారంగి వాయించేవాడు. ఆ కాలంలో అంతవరకు చెబితే చాలు, మిగతాది జనం తామే నింపుకునేవారు. బోగంమేళంలో ఆడే మనిషి వెనక, సారంగిని నడుముకు కట్టుకుని నిలబడి వాయించాలి. ఆ నాదం అందరికీ కావాలి. వాయించినవాణ్ణి మాత్రం అరుగు మీదికి రమ్మనేవాళ్ళు లేరు. ఆయన తండ్రి ఢిల్లీకి పైనున్న కిరానా అనే ఊరి మనిషి. బతుకుదెరువు కోసం మేళాల వెంట దక్షిణానికి దిగి, రాయచూరు వైపు పెళ్ళి చేసుకుని అక్కడే ఉండిపోయాడు. కొడుకు పడుచుతనంలో ఒక మేళంతో గద్వాల జాతరకు వచ్చాడు. మేళం వెళ్ళిపోయింది, జ్వరం తగిలి ఇతను ఆగిపోయాడు. ఆ జ్వరానికి పాడే గొంతు పోయింది గానీ చేతులు మిగిలాయి. నేతగాళ్ళ వీధి చివర చిన్న గదిలో ఉంటూ, మగ్గం దగ్గర భజనలు పాడుకునే ఆశన్నను పట్టుకున్నాడు.

గొంతు లేని మనిషి పాట ఎలా నేర్పాడంటే, సారంగితోనే. ఆయన తీగ మీద ఒక స్వరం పలికిస్తాడు, ఆశన్న దాన్ని గొంతులో పట్టుకోవాలి. పట్టుకున్నాక వదలకూడదు. మిగతా బాణీల్లో పాటగాడు గబగబా పైకెక్కి తానాలు కురిపించి చప్పట్లు కొట్టించుకునే సరికి, ఈ బాణీలో ఇంకా షడ్జం దగ్గరే మెల్లగా తిరుగుతుంటారు. "ఇంటికొచ్చిన సుట్టాన్ని గడపకాడ్నే పలకరిచ్చి పంపిస్తమారా? కాళ్ళకు నీళ్ళిచ్చి, పీటేసి, జర కూసోబెట్టి మాట్లాడాలె. స్వరం గూడ గట్లనే" అనేవాడు దావల్ సాబ్. రిషభం నుంచి గాంధారానికి పోవడానికి ఆశన్నకు ఒక వానాకాలమంతా పట్టింది. పక్క మగ్గాలవాళ్ళు, పాట అందుకోకుండా ఒక్క రాగమే తీస్తున్నాడేమిటని చెవులు మూసుకునేవారు.

"మాది సారంగి ఇల్లు బేటా" అని చెప్పేవాడు పాఠం అయ్యాక, బీడీ ముట్టించుకుంటూ. "మా తాతలు బీన్ వాయించిన్రు, గదే ఉత్తరాది వీణ, సారంగి వాయించిన్రు. గొంతు తర్వాతొచ్చింది. అందుకే మా పాట ముక్కలు ముక్కలుగ తెగదు, తీగ మీద యేలు జారినట్టు జారుతది. మావోళ్ళల్ల కొందరు పెద్ద ఖాన్ సాబ్‌లయిన్రు. అయినంక సారంగిని అటక మీదికెక్కిచ్చి, మా ఇంట్ల అసుంటిది ఎన్నడు లేకుండె అన్నరు. పాట ఇంటే తెల్వదారా?"

ఆశన్నకు ఆయన నేర్పిన మొదటి పాఠం స్వరం కాదు. మణికట్టుకు ఎర్రదారం కట్టి, నోట్లో ఇంత బెల్లం, శనగలు పెట్టి, ఉస్తాద్ పేరు చెప్పేటప్పుడు చెవి పట్టుకోవాలని చెప్పాడు. ఆ పేరు పలకడానికి కూడా నేను తగను అని దాని అర్థం. సభలో పాడే ముందు ఎవరి తాలీము అని అడుగుతారు, అంటే ఎవరి శిక్షణ అని. అప్పుడు చెవి పట్టుకుని పేరు చెప్పాలి. ఆ పేరుతోనే పాటగాడికి ఇంటిపేరు ఏర్పడుతుంది.

ఇక రాయచూరు సంగతి. చీరలు అమ్ముకోవడానికి వెళ్ళినప్పుడు ఆశన్న అక్కడ గురునాథరావు పంతులుగారి ఇంట్లో కొంతకాలం ఉన్నాడు. పంతులుగారిదీ కిరానా బాణీయే. పెద్ద పేరు, పెద్ద సభలు. ఆశన్నను వెనక కూర్చోబెట్టి తంబూరా మీటించుకున్నారు. ఒక్క స్వరం చెప్పలేదు. ఉన్నన్నాళ్ళూ ఆయన ఆశన్నతో అన్న మాట, "తీగ దిగింది, చూసుకో" అన్నది ఒక్కటే.

దసరా నాడు పొద్దున, వనపర్తి హాలు నిండిపోయింది. ముందు వరుసలో సంస్థానం వ్యవహారాలు చూసే రామచంద్రయ్యగారు కూర్చున్నారు. కొలువు ఇవ్వాలా వద్దా అన్నది ఆయన చేతిలో ఉంది. పాట తెలిసిన మనిషి, మాట మెత్తన. ఆయన చెడ్డవాడైనా బాగుండేది. చెడ్డవాడి ముందు అబద్ధమాడితే తప్పించుకున్నామని సర్దిచెప్పుకోవచ్చు.

"కిరానా బాణీ అని విన్న. చాలా సంతోషం" అన్నారు రామచంద్రయ్యగారు. "లోపలి ఆడపిల్లలు నేర్చుకునే పాట గదా, మేళాల పాట మనకొద్దని పెద్దల మాట. అందుకని అడుగుతున్న, ఏమనుకోకండి. ఎవరి తాలీము మీది?"

ఆశన్న చెయ్యి అప్పటికే చెవి దగ్గరికి పోయింది. వెనక దావల్ సాబ్ తీగలు సవరిస్తున్నాడు. ప్రశ్న వినపడగానే ఆ చప్పుడు ఆగింది. ఆయన తన పేరు వినడానికి చేతులు ఆపుకున్నాడని ఆశన్నకు తెలుసు. వెనక్కి తిరక్కుండానే తెలుసు. ముందు వరుసలో జరీ అంచుల కండువాలు, వాటిలో కొన్ని తన వీధిలో నేసినవే. మేళాల పాట మనకొద్దు అన్న మాట ఇంకా చెవిలో ఉంది.

"రాయచూరు గురునాథరావు పంతులుగారు" అన్నాడు, చెవి పట్టుకుని.

"ఓహో! ఇంకేం మరి!" అని రామచంద్రయ్యగారి ముఖం వికసించింది. అంతటితో వదిలినా పోయేది. ఆయన మర్యాదకొద్దీ వెనకవైపు చూసి, "మరి ఈ పెద్దాయన?" అన్నారు.

"ఈయన... గద్వాలల ఉంటడు. సారంగి వాయిస్తడు."

"మేళంలోనా?"

"ఆఁ. ఎన్కటి రోజుల్ల" అన్నాడు ఆశన్న. ఆ రెండు ముక్కలు అంటున్నప్పుడు తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

వెనక తీగల చప్పుడు మళ్ళీ మొదలైంది. ఆశన్న తోడి రాగం అందుకున్నాడు. గాంధారం దగ్గరికి వచ్చేసరికి గొంతు పట్టు తప్పింది, మాట రానట్టు ఆగిపోయింది. సారంగి ఆ గాంధారాన్ని అందుకుని, కిందపడకుండా పట్టుకుని, ఆశన్న ఊపిరి తీసుకుని వచ్చేదాకా అక్కడే నిలబడింది. విన్నవాళ్ళు పాటగాడు కావాలనే ఆగాడనుకుని "వాహ్" అన్నారు. పాట అయ్యాక రామచంద్రయ్యగారు శాలువా కప్పి, "పంతులుగారి ముద్ర ప్రతి స్వరంల కనపడుతుంది" అన్నారు. ఆశన్న తల వంచుకున్నాడు. అది కూడా వినయం కిందికే పోయింది.

తిరుగు ప్రయాణంలో రైలుపెట్టెలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ముసలాయన తిడతాడని ఆశన్న ఎదురు చూశాడు. తిడితే కాళ్ళ మీద పడదామని సిద్ధంగా ఉన్నాడు కూడా. దావల్ సాబ్ రుమాలు విప్పి, వేయించిన పల్లీలు తీసి, పొట్టు ఊది సగం ఆశన్న చేతిలో పోశాడు.

"గాంధారం కాడ గట్లెందుకు తడబడ్డవ్? పొద్దుగాల నీళ్ళు దాగలేదా?"

"ఉస్తాద్, గప్పుడు నేను..."

"పాట మంచిగొచ్చింది" అన్నాడు దావల్ సాబ్, కిటికీ వైపు తిరుగుతూ. "గది సాలు."

కృష్ణ వంతెన మీద రైలు పోతుంటే ఆయన నీళ్ళను చూస్తూ కూర్చున్నాడు. ఆశన్న చేతిలో పల్లీలు చెమటకు తడిసిపోయాయి.

కొలువు కుదిరింది. ఆశన్న వనపర్తిలో ఉంటున్నాడు, భార్య తిరుపతమ్మ మగ్గం మీదున్న చీర పూర్తయ్యేదాకా గద్వాలలోనే ఆగింది. అబద్ధం ఒకసారి ఆడి ఊరుకుంటే అయిపోతుందనుకున్నాడు. దానికి రోజూ తిండి పెట్టాలని పాఠాలు మొదలయ్యాకే తెలిసింది. పిల్లలకు చెప్పడానికి నోరు తెరిస్తే వచ్చేవన్నీ దావల్ సాబ్ మాటలే. మా ఉస్తాద్ ఇలా అనేవారు అందామంటే, ఏ ఉస్తాద్? "ఇంటికొచ్చిన చుట్టాన్ని గడపలోనే పంపిస్తమా అమ్మా? పంతులుగారు ఎప్పుడూ అదే అనేవారు" అన్నాడు ఒకనాడు. పిల్లలు ముచ్చటపడి నవ్వారు. మర్నాడు రామచంద్రయ్యగారు అదే మాట ఎవరికో చెబుతూ, పంతులుగారు ఎంత చక్కగా అన్నారో చూడండి అంటున్నారు. పేరు తీసేసింది చాలక మాటలు కూడా తీసి ఇంకొకరికి ఇచ్చేశాడు. రైలులో చేతిలో పట్టుకున్న పల్లీలు చాలక ఇక్కడా ఆ ముసలాయన సొమ్ము తింటున్నానని అనుకుని కుమిలిపోయాడు.

జాతరకు ముందు ఇంటికి వచ్చాడు. తిరుపతమ్మ జొన్నరొట్టె కంచంలో వేసి, ఎదురుగా కూర్చుంది. ఆమె ఎదురుగా కూర్చుందంటే ఏదో ఉందన్నమాట.

"వనపర్తి నుంచి చీరలకొచ్చినోళ్ళు చెప్పిన్రు. నువ్వు రాయచూరు పంతులు శిష్యునివంట గదా?"

ఆశన్న రొట్టె ఇంకో ముక్క తుంచాడు.

"నాకు తెల్వక అడుగుత. నీ గొంతు పట్టేస్తే వాము కషాయం కాసి తెచ్చింది ఎవరు? పంతులా? మన పెండ్లిల నువ్వు పాడుతుంటే పందిరి బయట నిలబడి ఏడ్చింది ఎవరు? గాయన కూడా పంతులేనా?"

"మెల్లగ మాట్లాడు. ఆయన పేరు చెప్తే కొలువు రాకపోతుండె."

"దావల్ తాత రోజు వస్తడు, రొట్టె తీస్కపోతడు, నీ క్షేమం అడుగుతడు. గీ ముచ్చట మాత్రం ఒక్కనాడు ఎత్తలేదు" అంది తిరుపతమ్మ. "నా ముందల తల దించుకుంటే ఏమొస్తది? నలుగుర్ల అన్నవ్, నలుగుర్ల దిద్దుకో. కొలువు పోతే పోనియ్. మగ్గం యాడికి పోలేదు."

ఆ మాటతో ఆశన్నకు ఊపిరి ఆడింది. జాతరకు కోటలో చెన్నకేశవస్వామి గుడి మండపంలో తన పాట ఉంది. రామచంద్రయ్యగారు కూడా వస్తానన్నారు. అక్కడే, అందరి ముందే చెప్పేయాలి. కొలువు పోతుందన్న భయం ఒక్కసారిగా తేలికైంది. పోతే పోయిందని ఆమె చేతే అనిపించుకున్నాడు గదా.

ఆ సాయంత్రమే దావల్ సాబ్ గదికి వెళ్ళి, జాతరలో సారంగికి రమ్మన్నాడు. ఎందుకు రాను అన్నాడాయన. తాను ఏం చెప్పబోతున్నాడో మాత్రం ఆశన్న చెప్పలేదు. సభలో ఒక్కసారిగా వినిపించి ఆయన్ను ఆశ్చర్యపరచాలనుకున్నాడు. ముసలాయన కళ్ళ నీళ్ళు పెట్టుకుంటాడు, తాను కాళ్ళ మీద పడతాడు, జనం చూస్తారు. ఇదంతా మనసులో ముందే ఆడేసుకున్నాడు. తప్పు దిద్దుకోవడంలో కూడా తనకే చప్పట్లు రావాలని చూసుకునే మనిషిని ఏమనాలో మీరే చెప్పండి. ఇంతకంటే ఆ గదిలోనే, బీడీ పొగలో, ఉస్తాద్ తప్పయింది అని ఉంటే సరిపోయేది.

జాతర రోజు పొద్దు ఇంకా వాలలేదు. మండపం కింద నేతగాళ్ళ వీధంతా ఉంది, ఆడవాళ్ళ వైపు తిరుపతమ్మ ఉంది, ముందు రామచంద్రయ్యగారు ఉన్నారు. దావల్ సాబ్ ఉతికిన షేర్వానీ వేసుకుని, సారంగిని గుండెకు ఆనించుకుని వెనక కూర్చున్నాడు. తంబూరా ఇంకా గవిసెనలోంచి తీయలేదు. ఆశన్న నిలబడి దండం పెట్టాడు.

"అయ్యలారా, పాడేముందు ఒక మాట. దసరాకు వనపర్తిల నన్ను ఎవరి తాలీము అని అడిగిన్రు. నేను అబద్ధం చెప్పిన. రాయచూరు పంతులుగారు నాకు ఒక్క స్వరం గూడ చెప్పలేదు. నాకు పాట పెట్టింది ఈయన." వెనక్కి తిరిగి చెవి పట్టుకున్నాడు. "నా ఉస్తాద్, దావల్ సాబ్."

దావల్ సాబ్ కళ్ళు ఒక్కసారి మెరిశాయి. ఆ మెరుపు ఆశన్న చూశాడు, చచ్చేదాకా మరిచిపోలేడు. తర్వాత ఆయన రామచంద్రయ్యగారి వైపు చూశాడు. అక్కడ కనుబొమ్మలు ముడిపడుతున్నాయి. ముసలాయన సారంగిని జాగ్రత్తగా పక్కన పెట్టి, నేల మీద చేతులు ఆనించుకుని లేచి నిలబడ్డాడు.

"హుజూర్, గీయన మాట పట్టిచ్చుకోకుర్రి" అన్నాడు, ఉన్న కాస్త గొంతుతోనే. "ముసలోన్ని, ఎవరు లేనోన్నని జాలిపడి పెద్ద మాట అన్నరు. నేను మేళాల ఎన్క వాయించినోన్ని. నాకాడ చెప్పేంత ఇల్ము, గంత విద్దె యాడిది? దసరా నాడు నేను ఈయన ఎన్కనే కూసున్న. పంతులుగారి పేరు చెప్పిన్రు. చెవి పట్టుకొని చెప్పిన్రు." ఆశన్న ముఖంలోకి చూశాడు. "చెవి పట్టుకొని ఒకపారి చెప్పిన పేరు మళ్ళ మారదు."

"ఉస్తాద్, గట్లనకు! నిజం చెప్పు!" అన్నాడు ఆశన్న.

"ఉస్తాద్ అనకుర్రి సాబ్. నలుగురు ఇంటున్నరు."

రామచంద్రయ్యగారి ముఖం తేటపడింది. "విన్నరా!" అన్నారు అందరి వైపు తిరిగి. "వెనక వాయించే మనిషికి కూడా గురుస్థానం ఇచ్చే మనసు ఎవరికుంటది! అది పంతులుగారి పెంపకం." మండపమంతా చప్పట్లు మోగాయి. ఆశన్న కాదు కాదని చేతులు ఊపాడు. అతను ఎంత కాదంటే చప్పట్లు అంత పెరిగాయి. నేతగాళ్ళ వీధివాళ్ళకు అసలు సంగతి తెలుసు. వాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని, ముసలాయనే వద్దన్నాక మనకెందుకని ఊరుకున్నారు. తిరుపతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల తిప్పుకుంది.

ఆయన తనను కాపాడాడా, శిక్షించాడా? కొలువు నిలబెట్టింది ఆయనే. ఇక ఈ జన్మలో ఎవరి ముందు నిజం చెప్పినా అది తన గొప్పతనం కిందికే వచ్చేట్టు చేసింది కూడా ఆయనే. ఆశన్న జంపఖానా మీద కూలబడ్డాడు. ఎవరో గవిసెన విప్పి తంబూరా ముందు పెట్టారు. జనం పాట కోసం సర్దుకుని కూర్చున్నారు.

దావల్ సాబ్ తన చోట కూర్చుని, సారంగి ఒళ్ళోకి తీసుకుని, కమాను పక్కన పెట్టుకుని, కొంచెం ముందుకు వంగాడు.

"మీ షడ్జం యాడ వెట్టమంటరు, సాబ్?" అని అడిగాడు.

మామూలు ప్రశ్నే. కొత్త పాటగాడు వస్తే వెనక వాయించేవాళ్ళు ఎవరైనా అడిగేదే; హార్మోనియం మీద ఫలానా మెట్టు అని జవాబు చెబుతారు. ఆశన్నకు మీసాలు మొలిచే వయసులో గొంతు మారి, ఏ శ్రుతిలోనూ నిలవక, ఇక పాట రాదని ఏడ్చిన రోజుల్లో, తీగను పైకీ కిందికీ తిప్పి తిప్పి, ఇదిరా నీ షడ్జం అని వెదికి ఇచ్చింది ఈ మనిషే. అది ఎక్కడుంటుందో ఆశన్న కంటే ఆయన వేళ్ళకే బాగా తెలుసు. ఆ వేళ్ళు ఇప్పుడు బిరడాల మీద కదలకుండా ఉన్నాయి. ఆయన మర్యాదగా, పరాయివాడి జవాబు కోసం చూసినట్టు చూస్తున్నాడు.

"మొదటి నల్లమెట్టు" అన్నాడు ఆశన్న.

"జీ" అని దావల్ సాబ్ తల వంచి తీగలు సవరించుకోవడం మొదలుపెట్టాడు.